దగ్గితే పడుతోందా, బాత్రూమ్ దాకా ఆగడం లేదా?

మా ఇంట్లో ఇద్దరు ఆడవాళ్లం. ఇద్దరికీ యూరిన్ లీక్ అయ్యే సమస్య ఉంది, కానీ ఇద్దరిదీ ఒకే సమస్య కాదు. నాకు గట్టిగా దగ్గినా తుమ్మినా నాలుగు చుక్కలు పడిపోతాయి. మా అత్తయ్యకి దగ్గుతో తుమ్ముతో పని లేదు, ఉన్నట్టుండి వస్తుంది, వచ్చిందంటే బాత్రూమ్ తలుపు దాకా కూడా ఆగదు. ఎవరికైనా చెబితే మాత్రం ఇద్దరికీ ఒకటే సమాధానం: "వయసు మీద పడుతోంది కదా, నీళ్లు తగ్గించు, సర్దుకుంటుంది." నీళ్లు తగ్గిస్తే సర్దుకోదు, వయసు మీద పడితే ఇలా అయి తీరాలనీ లేదు. ఈ రెండు మాటలు నమ్మి ఏళ్లకేళ్లు పాత చీర ముక్కలు మడిచి పెట్టుకుని బతికేస్తున్నవాళ్లు నాకు తెలిసే చాలామంది ఉన్నారు, అందుకే ఇది ఇంత వివరంగా రాస్తున్నాను.

మీకు గానీ, మీ అమ్మకి గానీ యూరిన్ ఆగడం లేదంటే మొట్టమొదట తేల్చుకోవాల్సింది ఎంత పడుతోందనేది కాదు, ఎప్పుడు పడుతోందనేది. దగ్గినప్పుడు, నవ్వినప్పుడు, నీళ్ల బిందె ఎత్తినప్పుడు, మెట్లు దిగేటప్పుడు పడుతుంటే అది ఒక రకం, డాక్టర్లు స్ట్రెస్ ఇన్‌కాంటినెన్స్ అంటారు. ఇక్కడ స్ట్రెస్ అంటే మనసులో టెన్షన్ కాదు, పొట్టలోంచి కిందకి పడే ఒత్తిడి. ఉన్నట్టుండి ఆపుకోలేనంతగా వచ్చి, పరిగెత్తేలోపే పడిపోతుంటే అది అర్జ్ రకం. కుళాయి చప్పుడు వినగానే, ఇంటి తాళం తీస్తుండగా, చన్నీళ్లలో చేతులు పెట్టగానే వచ్చేది కూడా ఇదే. రెండూ కలిసి ఉన్నవాళ్లూ బోలెడుమంది. ఇవి కాక మూత్రం నిలవుండే సంచి, అంటే మూత్రాశయం, సరిగ్గా ఖాళీ అవక, నిండి పొర్లినట్టు కొద్దికొద్దిగా కారుతూ ఉండే రకం ఒకటుంది, ఏళ్ల తరబడి షుగర్ ఉండి నరాలు దెబ్బతిన్నవాళ్లలో ఇది చూస్తాం. ఇంకో రకం ఉంది, దాన్ని ఎవరూ లెక్కలోకి తీసుకోరు: మూత్రాశయం బాగానే ఉంటుంది, మోకాళ్ల నొప్పులతో మంచం మీంచి లేచి బాత్రూమ్‌కి చేరేసరికే ఆలస్యమైపోతుంది. అలాంటి పెద్దావిడకి మందు అవసరం లేదు, మంచం దగ్గరగా కమోడ్ కుర్చీ, రాత్రిపూట లైటు, బాత్రూమ్‌లో పట్టుకోవడానికి కడ్డీ ఉంటే సగం బాధ తీరుతుంది.

లోపల ఏం జరుగుతుందో కాస్త తెలిస్తే మిగతాదంతా సులువుగా అర్థమవుతుంది. మూత్రాశయం కండరంతో చేసిన సంచి, మామూలుగా 400 నుంచి 500 మిల్లీలీటర్ల దాకా పడుతుంది. అందులో సగం నిండకముందే, 150-200 దగ్గరే, వెళ్లాలేమో అని మొదటి కబురు మెదడుకి అందుతుంది. మెదడు "ఇప్పుడే కాదు" అంటే సంచి గోడ వదులుగానే ఉండి ఇంకా నింపుకుంటుంది, అందుకే పాఠం మధ్యలో అనిపించినా బెల్లు కొట్టేదాకా ఆగగలం. దాని కింద మూత్రనాళం ఆడవాళ్లకి 4 సెంటీమీటర్లే ఉంటుంది, మగవాళ్లకి 20 దాకా ఉంటుంది. ఆ చిన్న నాళాన్నీ, మూత్రాశయాన్నీ, గర్భసంచినీ, వెనక మలాశయాన్నీ కలిపి అడుగు నుంచి మోసేది ముందు ఎముక నుంచి వెన్ను చివరిదాకా పరుచుకున్న కండరాల పొర. దాని పేరే పెల్విక్ ఫ్లోర్. నవారు మంచం తలుచుకోండి, నవారు బిగువుగా ఉంటే పైన ఎంత బరువు పడినా మంచం నిలుస్తుంది, సాగిపోతే చిన్న బరువుకే కిందకి దిగిపోతుంది. కాన్పుల్లో ఈ నవారు సాగుతుంది, పెద్ద బిడ్డ అయితే, నొప్పులు గంటల తరబడి సాగితే, బిడ్డ తలని పట్టి లాగే పట్టకారు లాంటి ఫోర్సెప్స్ వేస్తే ఇంకా ఎక్కువ సాగుతుంది. దగ్గినప్పుడు పొట్టలోంచి ఒత్తిడి పడగానే నాళానికి కింద ఆసరా లేక చుక్కలు జారిపోతాయి. అర్జ్ రకంలో నవారు సంగతి వేరు, అక్కడ సంచి కండరమే, నిండకముందే, మెదడు ఒప్పుకోకముందే తనంతట తాను బిగుసుకుంటుంది.

నా సంగతి మొదటి రకం. రెండూ నార్మల్ డెలివరీలే, రెండోసారి ఫోర్సెప్స్ వేశారు. ఆ తర్వాత కొన్ని నెలలు లీక్ అయింది, తగ్గిపోయింది, మర్చిపోయాను. పీరియడ్స్ అటూఇటూ అవడం మొదలైన వయసులో మళ్లీ వచ్చింది. అప్పుడే ఎందుకంటే ఈస్ట్రోజెన్ అనే ఆడ హార్మోన్ తగ్గేకొద్దీ మూత్రనాళం, యోని లోపలి పొరలు పలచబడి పొడిబారతాయి, అప్పటిదాకా సర్దుకుని నడిచిపోయిన బలహీనత బయటపడుతుంది. నేను హైస్కూల్లో టీచర్ని. రోజంతా నిలబడి గొంతు పెంచి మాట్లాడే ఉద్యోగం, పైగా చాక్‌పీస్ దుమ్ముకి తుమ్ములు. తుమ్ము వస్తోందని తెలియగానే బోర్డు వైపు తిరిగి కాళ్లు మెలేసి నిలబడేదాన్ని. లేత రంగు చీరలు బీరువాలోనే ఉండిపోయాయి. పెళ్లికి వెళ్తే ముందు వాష్‌రూమ్ ఎక్కడుందో చూసుకుని ఆ పక్కనే కుర్చీ వెతుక్కోవడం, హైదరాబాద్ బస్సు ఎక్కాలంటే మధ్యాహ్నం నుంచే నీళ్లు మానేయడం, సూర్యాపేటలో బస్సు ఆగేదాకా కిటికీలోంచి కిలోమీటరు రాళ్లు చూసుకుంటూ కూర్చోవడం. ఇలాంటి ఏర్పాట్లన్నీ ఒక్కొక్కటిగా వచ్చి చేరతాయి. బయటికి అంతా మామూలుగానే ఉంటుంది, లోపల మాత్రం మన ప్రపంచం బాత్రూమ్ చుట్టూ తిరగడం మొదలెడుతుంది.

మొదట చూపించుకున్న చోట పరీక్ష కూడా చేయకుండా "ఈ వయసులో మామూలేనమ్మా" అని పంపించేశారు. కోపం వచ్చింది, ఇప్పటికీ ఉంది. మామూలు అంటే చాలామందికి ఉందని, చికిత్స లేదని కాదు కదా. రెండో డాక్టరు మూత్ర పరీక్ష రాసి, సంచి నిండుగా ఉన్నప్పుడు పడుకోబెట్టి దగ్గమని చూసి, ఆపరేషన్ మాట ఎత్తకుండా పెల్విక్ ఫ్లోర్ చూసే ఫిజియోథెరపిస్ట్ దగ్గరికి పంపారు. మోకాళ్లకీ నడుముకీ తప్ప దీనికి కూడా ఫిజియోథెరపీ ఉంటుందని మన దగ్గర చాలామందికి తెలియదు.

ఆ వ్యాయామాల పేరు కెగెల్. అమెరికాలో ఆర్నాల్డ్ కెగెల్ అనే గైనకాలజిస్ట్ 1948లోనే వీటి గురించి రాశారు, అంటే కొత్త ఫ్యాషన్ ఏమీ కాదు. యూట్యూబ్‌లో బోలెడు వీడియోలు ఉన్నాయి, కానీ చిక్కెక్కడంటే ఏ కండరం బిగించాలో బయటికి కనిపించదు. ఆ ఫిజియోథెరపిస్ట్ నన్ను మోకాళ్లు మడిచి పడుకోమని, "నలుగురిలో కూర్చున్నప్పుడు గ్యాస్ వస్తే ఎలా బిగబడతారు? అలా పట్టండి, ముందు వైపు కూడా పైకి లాక్కోండి" అన్నారు. పట్టాను. నా పొట్ట మీద చెయ్యి వేసి, "ఇది గట్టిపడుతోంది, ఇది కదలకూడదు. పిరుదులు బిగించొద్దు, తొడలు దగ్గరికి తేవద్దు, ఊపిరి ఆపొద్దు" అన్నారు. అవన్నీ వదిలేస్తే ఇక మిగిలింది ఏమీ లేదనిపించింది, కానీ ఉంది, లోపల చాలా చిన్నగా పైకి లాగినట్టు తెలిసింది. తర్వాత గ్లౌజ్ వేసుకుని వేలితో పరీక్షించి సరిగ్గానే పడుతోందని చెప్పారు. ఈ పరీక్ష ముఖ్యం, ఎందుకంటే చాలామంది పైకి లాక్కోవడం బదులు విరేచనానికి ముక్కినట్టు కిందకి తోస్తారు, అలా నెలల తరబడి చేస్తే మేలు జరగదు సరికదా ఇంకా సాగుతుంది. మూత్రం పోస్తూ మధ్యలో ఆపడం కండరం ఏదో గుర్తుపట్టడానికి ఒకటి రెండుసార్లు పనికొస్తుందేమో గానీ రోజూ చేసే వ్యాయామం అది కాదు, అలవాటు చేసుకుంటే సంచి పూర్తిగా ఖాళీ అవడం దెబ్బతింటుంది.

లెక్క ఇదీ: ఒక్కసారికి కనీసం 8 బిగింపులు, రోజుకి 3 పూటలు, కనీసం 3 నెలలు. మొదట్లో రెండు మూడు సెకన్లు కూడా నిలవకపోవచ్చు, మెల్లగా పదికి తీసుకెళ్లాలి, ఎంతసేపు బిగించామో అంతసేపు వదిలెయ్యాలి, వదలడం కూడా వ్యాయామమే. మధ్యమధ్యలో టకటకా బిగించి వదిలేవి కొన్ని. ముందు పడుకుని, తర్వాత కూర్చుని, చివరికి నిలబడి. నేను పొద్దున పాలు కాగేటప్పుడు, స్టాఫ్‌రూమ్‌లో పేపర్లు దిద్దేటప్పుడు, రాత్రి పడుకున్నాక చేస్తాను, పక్కన ఎవరున్నా తెలియదు. అన్నిటికంటే నాకు బాగా పనికొచ్చింది చాలా చిన్న విషయం: తుమ్ము వస్తున్నట్టు తెలియగానే, తుమ్మకముందే ఒక్క బిగింపు. బకెట్ ఎత్తేముందూ అంతే. మొదటి నెలలో ఏమీ తేడా కనపడదు, చాలామంది అక్కడే వదిలేస్తారు. దయచేసి వదలకండి. నాకు పూర్తిగా పోలేదు, జలుబు చేసి దగ్గు తెరలు తెరలుగా వచ్చినప్పుడు ఇప్పటికీ పడుతుంది, కానీ స్కూలుకి ప్యాడ్ లేకుండా వెళ్తున్నాను.

ఇక మా అత్తయ్య. ఆవిడకి డెబ్బై దాటింది, షుగర్ ఉంది, బీపీ ఉంది. అరగంటకోసారి లేచేది, రాత్రి నిద్ర ఉండేది కాదు, బాత్రూమ్ గుమ్మంలో కాలు జారి ఒకసారి పడబోయింది. తుంటి విరిగి ఉంటే మా ఇల్లు ఏమయ్యేదో. డాక్టర్ గదిలో కూర్చున్నాక "ఏంటమ్మా ఇబ్బంది" అంటే "నీరసం" అంది. నేను చెప్పబోతే నా చెయ్యి గిల్లింది. ఆవిడ చూపు మా ఆయన వైపు ఉంది. డాక్టరు కనిపెట్టి ఏదో బిల్లు మిషతో ఆయన్ని బయటికి పంపారు, తలుపు మూసుకోగానే అత్తయ్య మొత్తం చెప్పేసింది. బయటికొచ్చాక "వాడి ముందు ఎలా చెప్పను అమ్మాయ్" అంది. కొడుకులు తోడెళ్లే ఇళ్లలో ఈ సంగతి గుర్తుంచుకోండి, పెద్దవాళ్లతో లోపలికి ఒక ఆడమనిషి వెళ్లాలి, లేదా కాసేపు వాళ్లని ఒంటరిగా డాక్టరుతో వదలాలి.

ఆవిడకి రాసిన మొదటి మందు మాత్ర కాదు, కాగితం. మూడు రోజులు ఏం తాగింది, ఎప్పుడు వెళ్లింది, ఎంత పోసింది, ఎప్పుడు లీక్ అయిందో రాయమన్నారు. గీతలున్న పాత ప్లాస్టిక్ మగ్గు బాత్రూమ్‌లో పెట్టి, క్యాలెండర్ కాగితం వెనక గళ్లు గీసి ఇచ్చాను. మొదట గొణిగింది గానీ తర్వాత తనే కళ్లజోడు పెట్టుకుని రాసేది. ఆ కాగితంలో మూడు సంగతులు బయటపడ్డాయి. వెళ్లిన ప్రతిసారీ పోసేది వంద మిల్లీలీటర్లు కూడా ఉండటం లేదు. పగలు నీళ్లు భయంతో మానేసి టీలు మాత్రం మానలేదు. బీపీ మాత్రల్లో ఒకటి ఒంట్లో నీరు లాగేసేది, దాన్ని రాత్రి భోజనం తర్వాత వేసుకుంటోంది. డాక్టరు ఆ మాత్రని పొద్దుటికి మార్చారు. ఇలాంటి మార్పు మనంతట మనం చేయకూడదు, కానీ అడగొచ్చు. షుగర్ మాత్రల్లో కూడా డాపాగ్లిఫ్లోజిన్ లాంటివి మూత్రంలోంచి చక్కెరని బయటికి పంపే రకం, వాటితో మూత్రం ఎక్కువవుతుంది, జననాంగాల దగ్గర దురద, ఫంగస్ వచ్చే అవకాశమూ పెరుగుతుంది. కాబట్టి డాక్టరు దగ్గరికి మాత్రల స్ట్రిప్పులన్నీ సంచిలో వేసుకుని పట్టుకెళ్లండి, పేర్లు గుర్తుంటాయిలే అనుకోకండి.

నీళ్ల గురించి నొక్కి చెప్పాలి. నీళ్లు తగ్గిస్తే మూత్రం చిక్కబడి సంచి లోపలి పొరకి మంటపుట్టిస్తుంది, అర్జ్ ఇంకా పెరుగుతుంది, ఇన్ఫెక్షన్లు వస్తాయి, విరేచనం బిగుస్తుంది, ముక్కడం వల్ల కింద కండరాలు ఇంకా సాగుతాయి. మన ఎండల్లో అయితే ప్రమాదమే. తగ్గించాల్సింది టీ, కాఫీ, కూల్ డ్రింకులు, పడుకునే ముందు గ్లాసులకొద్దీ తాగడం. గుండె, కిడ్నీ జబ్బులున్నవాళ్లు మాత్రం డాక్టరు చెప్పిన కొలత పాటించాలి.

తర్వాత సంచికి మళ్లీ అలవాటు నేర్పడం. అరగంటకోసారి వెళ్లే మనిషి ఒక్కసారే మూడు గంటలు ఆగలేదు. ముందు పది పదిహేను నిమిషాలు పొడిగించాలి, అది అలవాటయ్యాక ఇంకో పదిహేను, అలా రెండున్నర, మూడు గంటల దాకా. కనీసం ఆరు వారాలు పడుతుంది. తరుముకొచ్చినప్పుడు పరిగెత్తకూడదు, ఇదే అందరికీ వింతగా ఉంటుంది. ఉన్నచోటే ఆగి, వీలైతే కూర్చుని, కింద కండరాన్ని టకటకా నాలుగైదుసార్లు బిగిస్తే ఆ ఉధృతి కాస్త దిగుతుంది, దిగాక నెమ్మదిగా నడిచి వెళ్లాలి. "ఎందుకైనా మంచిదని" బయటికెళ్లే ముందు, టీవీ ముందు, పూజ ముందు ఊరికే వెళ్లి రావడం మన ఇళ్లలో చిన్నప్పటి నుంచీ ఉన్న అలవాటు, అది ఎక్కువైతే సంచి కొద్దిగా నిండినా గోల చేయడం నేర్చుకుంటుంది.

ఇవి చాలకపోతే మాత్రలున్నాయి. సోలిఫెనసిన్, టోల్టెరోడిన్ లాంటివి సంచి కండరాన్ని శాంతపరుస్తాయి, నోరు ఎండుతుంది, మలబద్ధకం వస్తుంది. ఆక్సీబ్యుటినిన్ అనే పాత మందు బలహీనంగా ఉన్న పెద్దవాళ్లకి మంచిది కాదు, మతిమరుపు, గందరగోళం పెంచుతుంది. మిరాబెగ్రాన్ వేరే దారిలో పనిచేస్తుంది, కానీ బీపీ అదుపులో లేనివాళ్లకి ఇవ్వరు. వీటికీ లొంగకపోతే సంచి గోడలోకి, ఆ కండరాన్ని వదులు చేసే బొటాక్స్ ఇంజెక్షన్ ఉంది. మెనోపాజ్ దాటినవాళ్లకి యోనిలో రాసుకునే ఈస్ట్రోజెన్ క్రీమ్ చాలా సాయపడుతుంది, అర్జ్ రకానికి ముఖ్యంగా. రొమ్ము క్యాన్సర్ వచ్చినవాళ్లు ముందుగా చెప్పాలి. అత్తయ్య ఇప్పుడు ఒక మాత్ర మీద ఉంది, రాత్రి ఒకసారి లేస్తుంది.

నన్ను ఎక్కువగా బాధపెట్టేది ఇంకొకటి ఉంది. మన ఊళ్లలో "గర్భసంచి తీయించేసుకుంటే ఇవన్నీ పోతాయి" అనే సలహా చాలా సులువుగా వస్తుంది, తెల్లబట్ట అయినా, నడుము నొప్పి అయినా, యూరిన్ లీక్ అయినా అదే సలహా. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే 2015-16 లెక్కల్లో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో గర్భసంచి తీయించుకున్నవాళ్లు దేశం మొత్తం మీద 3.2 శాతం అయితే ఆంధ్రప్రదేశ్‌లో 8.9, తెలంగాణలో 7.7. ఆ లెక్కల్లో దేశంలో మనమే ముందున్నాం. గర్భసంచి తీస్తే లీక్ తగ్గదు. ఆ ఆపరేషన్ తర్వాత స్ట్రెస్ రకం వచ్చే అవకాశం పెరుగుతుంది, అండాశయాలు కూడా తీసేస్తే ముప్పై ఐదేళ్లకే మెనోపాజ్ వచ్చి పడుతుంది, దాంతో ఎముకలు, గుండె, మూత్రనాళం అన్నీ దెబ్బతింటాయి. ఎప్పుడో అరుదుగా ఆపరేషన్లో మూత్రాశయానికి గాయమై యోనిలోకి దారి పడితే పగలూ రాత్రీ తేడా లేకుండా కారుతూనే ఉంటుంది. గర్భసంచి తీయాల్సిన జబ్బులు నిజంగా ఉన్నాయి, కాదనను. కానీ యూరిన్ లీక్ ఒక్కదానికే తీయిస్తామంటే ఇంకో డాక్టరు దగ్గరికి వెళ్లండి, డబ్బు కట్టకముందే వెళ్లండి.

స్ట్రెస్ రకానికి సరైన ఆపరేషన్ వేరే ఉంది. మూత్రనాళం కింద ఆసరాగా సన్నని పట్టీ వేస్తారు, స్లింగ్ అంటారు. 1990లలో స్వీడన్‌లో ఉల్ఫ్ ఉల్మ్‌స్టెన్ సింథటిక్ టేపుతో దీన్ని సులువు చేశారు, చాలామందికి బాగా పనిచేసింది, కానీ కొందరిలో ఆ టేపు లోపల ఒరుసుకుని దీర్ఘకాలం నొప్పి రావడంతో ఇంగ్లండ్ 2018లో దాని వాడకాన్ని ఆపింది. పేషెంటు ఒంట్లోంచే తీసిన కణజాలంతో చేసే స్లింగ్ కూడా ఉంది. ఏది వేస్తున్నారు, తర్వాత నొప్పి వస్తే ఎవరు చూస్తారు అని అడిగి ఒప్పుకోవాలి. అర్జ్ రకానికి మాత్రం స్లింగ్ మందు కాదు, అందుకే ఏ రకమో ముందే తేలాలని అంత గట్టిగా చెబుతున్నాను.

బరువు తగ్గితే లీక్ తగ్గుతుంది. ఇది ఊరికే చెప్పే మాట కాదు, అమెరికాలో అధిక బరువు, ఊబకాయం ఉన్న 338 మంది ఆడవాళ్లపై చేసి 2009లో ప్రచురించిన అధ్యయనంలో, బరువులో సగటున 8 శాతం తగ్గినవాళ్లకి వారంలో లీక్‌లు సుమారు సగానికి వచ్చాయి. మానని దగ్గు, మలబద్ధకం ఉంటే వాటికి ముందు వైద్యం చేయించాలి.

ప్యాడ్‌ల విషయానికొస్తే, పీరియడ్స్ ప్యాడ్ చిక్కటి రక్తం కోసం చేసింది, ఒక్కసారిగా వచ్చే మూత్రాన్ని అంత త్వరగా పీల్చుకోలేదు, తడి చర్మానికి తగులుతూ ఒరుపులు, పుళ్లు వస్తాయి. లీక్ కోసమే చేసినవి మెడికల్ షాపుల్లో, ఆన్‌లైన్‌లో దొరుకుతున్నాయి, ధర కాస్త ఎక్కువే. చికిత్స నడుస్తున్నన్నాళ్లు వాడండి, చికిత్సకి బదులుగా వాడకండి.

ఎవరి దగ్గరికి వెళ్లాలంటే గైనకాలజిస్ట్ లేదా యూరాలజిస్ట్. హైదరాబాద్ నిమ్స్, ఉస్మానియా లాంటి పెద్ద ప్రభుత్వాసుపత్రుల్లో యూరాలజీ విభాగాలున్నాయి. మూడు రోజుల కాగితం, మాత్రల సంచి వెంట తీసుకెళ్లండి. మూత్రంలో రక్తం కనిపించినా, మంటతో జ్వరం వచ్చినా, కింద గడ్డలా ఏదో జారి తగులుతున్నా, కాన్పు లేదా ఆపరేషన్ తర్వాత ఆగకుండా కారుతున్నా, నిండినట్టున్నా మూత్రం రాకపోయినా వాయిదా వేయొద్దు. నడుము నొప్పితో పాటు తొడల మధ్య మొద్దుబారి, కాళ్లు పట్టు తప్పి, ఉన్నట్టుండి యూరిన్ మీద అదుపు పోతే మాత్రం అది వెన్నుపాము దిగువన నరాలు నొక్కుకుపోయిన ఎమర్జెన్సీ, తెల్లారేదాకా ఆగకుండా ఆ రాత్రే ఆసుపత్రికి వెళ్లాలి.